ఆల్చిప్పల్లో రోగనిరోధక రిసెప్టర్లను వెతికి పట్టుకోవడం ఎలా: కంప్యూటర్ నుంచి తొట్టి దాకా సమగ్ర మార్గదర్శి

ఒక్క మిల్లీలీటరు సముద్రపు నీటిలో సుమారు 10 లక్షల బ్యాక్టీరియా, అంతకు పది రెట్లు వైరస్‌లు ఉంటాయి. రాయికి అతుక్కున్న మస్సెల్ అనే ఆల్చిప్ప ఆ నీటినే గంటకు లీటర్ల లెక్కన మొప్పల గుండా వడగట్టి తిండి తీసుకుంటుంది. దానికి యాంటీబాడీలు లేవు. మనకున్న టీ కణాలు, బీ కణాలు లేవు. మూసుకున్న రక్తనాళాల వ్యవస్థ కూడా లేదు. రక్తం లాంటి హీమోలింఫ్ అవయవాల మధ్య ఖాళీల్లోకి పారుతుంది. అయినా అది ఏళ్ల తరబడి బతుకుతోంది. ఏది తిండో ఏది శత్రువో దానికి ఎవరు చెబుతున్నారు? పుట్టుకతోనే వచ్చే కొన్ని ప్రోటీన్లు. సూక్ష్మజీవుల ఒంటి మీద ఉండే చక్కెరలు, కొవ్వులు, వాటి ఆర్‌ఎన్‌ఏ వంటి గుర్తులను పట్టుకునే ఈ ప్రోటీన్లనే సహజ రోగనిరోధక రిసెప్టర్లు అంటారు.

జువాలజీ, మెరైన్ బయాలజీ, బయోటెక్నాలజీ చదువుతూ ఈ రంగంలో మొదటి ప్రాజెక్టు చేయబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా మొదటి ఏడాదంతా ఒకే పొరపాటులో పోయింది. డేటాబేస్ ఒక జన్యువుకి ఏ పేరు చూపిస్తే దాన్నే నమ్మాను. స్క్రీన్ మీద ‘టీఎల్ఆర్-4’ (టోల్-లైక్ రిసెప్టర్ 4) అని కనబడగానే, మనిషిలో టీఎల్ఆర్-4 చేసే పనే ఇదీ చేస్తుందనుకున్నాను. కింద చెప్పే మెట్లన్నీ ఆ పొరపాటు మీకు జరగకుండా చూసేందుకే. జన్యువు పేరు ఒక అంచనా మాత్రమే. అది మీ చేతిలో ఉన్న జీవిలో నిజంగా ఉందా, ఉంటే కదులుతోందా (అంటే స్పందిస్తోందా), కదిలితే దేనివల్ల కదులుతోంది? ఈ మూడింటికీ విడివిడిగా రుజువు కావాలి.

మొదలుపెట్టే ముందు: ఎవరెవరు ఉన్నారో తెలుసుకోండి

టోల్ జన్యువు మొదట పండ్ల ఈగలో, పిండం ఎదిగే తీరును పరిశీలిస్తుండగా బయటపడింది. అదే జన్యువు ఈగను బూజు రోగాల నుంచి కాపాడుతుందని జూల్స్ హాఫ్‌మన్ బృందం 1996లో చూపించింది. 2011లో ఆయనకు, బ్రూస్ బ్యూట్లర్‌కు, రాల్ఫ్ స్టైన్‌మన్‌కు నోబెల్ వచ్చింది. మనిషిలో పనిచేసే టోల్-లైక్ రిసెప్టర్లు 10. పండ్ల ఈగలో 9. పసిఫిక్ ఆయిస్టర్ జన్యుపటం 2012లో వెలువడింది. ఆ తర్వాత లెక్కపెడితే దానిలో 83 టోల్-లైక్ రిసెప్టర్లు తేలాయి. సీ1క్యూ అనే భాగం ఉన్న జన్యువులైతే 300 దాటాయి. యాంటీబాడీలు లేని ఈ జీవి గుర్తుపట్టే జన్యువులనే గుట్టలుగా పెంచుకుంది.

మీకు తరచూ తగిలే కుటుంబాలు ఇవి. టోల్-లైక్ రిసెప్టర్లు కణం పొరలో ఉండి, ఒక చివర బయటికి, మరో చివర లోపలికి చాచుకుని ఉంటాయి. సీ-టైప్ లెక్టిన్లు, గెలెక్టిన్లు చక్కెరలను పట్టుకుంటాయి. పీజీఆర్‌పీలు బ్యాక్టీరియా గోడలోని పెప్టిడోగ్లైకాన్‌ను, గ్లూకాన్ బైండింగ్ ప్రోటీన్లు బూజుల గోడలోని బీటా-గ్లూకాన్‌ను గుర్తిస్తాయి. కణం లోపల వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టడానికి రిగ్-ఐ లాంటి రిసెప్టర్లు ఉన్నాయి. అన్నిటినీ ఒకే ప్రాజెక్టులో పెట్టుకోకండి. ఒక కుటుంబాన్ని ఎంచుకోండి. ఇక్కడ నేను టోల్-లైక్ రిసెప్టర్లతో నడిపిస్తాను. వాటి నిర్మాణం స్పష్టంగా ఉంటుంది కాబట్టి నేర్చుకోవడానికి అవి అనువు.

మెట్టు 1: జీవిని ఎంచుకోవడం

పసిఫిక్ ఆయిస్టర్ మీద సమాచారం ఎక్కువ. కానీ అది మన తీరపు జీవి కాదు. మన దగ్గర పని చేసేవారికి అనువైనది పచ్చ మస్సెల్, శాస్త్రీయ నామం పెర్నా విరిడిస్. విశాఖ హార్బర్ గోడల మీద, బోట్ల అడుగున గుత్తులుగా పట్టి ఉంటుంది. కేరళలోని కాసరగోడ్ వైపు తాళ్లకు కట్టి పెంచుతారు. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దీని జన్యుపటాన్ని క్రోమోజోమ్‌ల స్థాయిలో సిద్ధం చేసింది కాబట్టి కంప్యూటర్ పనికి పునాది ఉంది.

ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది చాలా ముఖ్యం. హార్బర్ లోపలి జీవులు చమురు, భార లోహాలు కలిసిన నీటికి అలవాటుపడి ఉంటాయి. వాటి హీమోసైట్లు (హీమోలింఫ్‌లోని రోగనిరోధక కణాలు) అప్పటికే అలజడిలో ఉండొచ్చు. వీలైతే బయటి రాళ్ల నుంచి సేకరించండి. కాలాన్ని కూడా చూసుకోండి. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా గోదావరి, కృష్ణ వరద నీరు తీరం వెంబడి కలిసి సముద్రపు ఉప్పదనం బాగా తగ్గుతుంది. ఆ నెలల్లో తెచ్చిన మస్సెల్‌ను, మార్చిలో తెచ్చినదాన్ని ఒకే గ్రాఫ్‌లో పక్కపక్కన పెట్టడం సరికాదు.

మెట్టు 2: కంప్యూటర్‌లో వేట

దీనికి మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ చాలు. ప్రయోగశాల దొరకనివారు కూడా ఈ మెట్టు, తర్వాతి మెట్టు పూర్తి చేసి మంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు సమర్పించవచ్చు.

ముందుగా టోల్-లైక్ రిసెప్టర్ ఎలా ఉంటుందో మనసులో పెట్టుకోండి. మొదట్లో చిన్న సిగ్నల్ పెప్టైడ్. తర్వాత కణం బయట గుర్రపు లాడంలా వంగిన పెద్ద భాగం. అది లూసిన్ ఎక్కువగా ఉన్న ముక్కలు, ఒక్కోటి 20 నుంచి 30 అమైనో ఆమ్లాలు, వరుసగా పేర్చుకుంటూ పోతే ఏర్పడుతుంది. ఈ ముక్కలను ఎల్ఆర్ఆర్‌లు అంటారు. తర్వాత పొరను దాటే ఒక చిన్న భాగం. చివర కణం లోపల సుమారు 150 అమైనో ఆమ్లాల టిర్ డొమైన్. శత్రువు కబురును కణం లోపలికి చేరవేసేది ఈ టిర్.

కొత్తవాళ్లు సాధారణంగా మనిషి టీఎల్ఆర్ మొత్తాన్ని తెచ్చి ఎన్‌సీబీఐ బ్లాస్ట్ అనే సీక్వెన్స్ పోలిక సాధనంలో అతికిస్తారు. వందల ఫలితాలు వస్తాయి, సగానికి పైగా తప్పుడువి. ఎల్ఆర్ఆర్ ముక్కలు లెక్కలేనన్ని ఇతర ప్రోటీన్లలోనూ ఉండటమే కారణం. కాబట్టి వేట టిర్ డొమైన్‌తో మొదలుపెట్టండి. పసిఫిక్ ఆయిస్టర్, మధ్యధరా మస్సెల్ ప్రోటీన్ల నుంచి పది పదిహేను టిర్ ముక్కలు తీసుకుని, మీ జీవి ప్రోటీన్ల మీద వెతకండి. ఈ-విలువ (అనుకోకుండా అంత పోలిక దొరికే అవకాశం లెక్క) హద్దు 10 ఘాతం మైనస్ 5 దగ్గర పెట్టుకుంటే మొదటి జల్లెడకు సరిపోతుంది. దీనితోపాటు హెచ్ఎమ్ఎమ్ఈఆర్ ప్రోగ్రాంలో పీఫామ్ వారి టిర్ నమూనా పీఎఫ్01582 వాడితే, బ్లాస్ట్ చూడలేని దూరపు చుట్టాలు కూడా దొరుకుతాయి.

టిర్ కనబడిందంటే టోల్-లైక్ రిసెప్టర్ దొరికిందని కాదు. మైడి88లో టిర్ ఉంది, అది రిసెప్టర్ కాదు, కబురు మోసే ప్రోటీన్. సార్మ్1లోనూ ఉంది. ఆయిస్టర్‌లో స్టింగ్ ప్రోటీనుకి కూడా టిర్ తగిలించుకున్న రూపం ఉంది. అందుకని దొరికిన ప్రతి ప్రోటీన్‌నూ స్మార్ట్‌లో గాని ఇంటర్‌ప్రోలో గాని పెట్టి, భాగాల వరుస చూడండి. సిగ్నల్ పెప్టైడ్‌కి సిగ్నల్‌పి, పొర దాటే భాగానికి డీప్‌టీఎమ్‌హెచ్‌ఎమ్ వాడండి. నేను ఒక ఎక్సెల్ షీట్‌లో ఐదు గళ్లు పెట్టుకుంటాను: సిగ్నల్ పెప్టైడ్, ఎల్ఆర్ఆర్‌ల సంఖ్య, పొర, టిర్, సీక్వెన్స్ రెండు చివరలూ పూర్తిగా ఉన్నాయా లేదా. ఐదూ నిండినవాటినే రిసెప్టర్ అంటాను. మిగతావాటిని ‘అసంపూర్ణం’ అని పక్కన పెడతాను, తీసిపారేయను.

లెక్క చెప్పే ముందు ఇంకొకటి గమనించండి. గుల్లజీవుల జన్యువుల్లో తల్లి నుంచి వచ్చిన ప్రతికి, తండ్రి నుంచి వచ్చిన ప్రతికి తేడాలు చాలా ఎక్కువ. జన్యుపటం కూర్చే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి ఆ రెండు ప్రతులను రెండు వేర్వేరు జన్యువులుగా రాసేస్తుంది. దాంతో 20 ఉన్నచోట 30 కనబడతాయి. 95 శాతానికి మించి ఒకేలా ఉన్న జంటలన్నీ విడిగా రాసుకోండి. అవి క్రోమోజోమ్ మీద పక్కపక్కన కూర్చున్న నిజమైన జంట జన్యువులా, లేక ఒకే జన్యువుకి రెండు ప్రతులా అన్నది ఒక్కొక్కటిగా చూడాలి. విసుగు పుట్టించే పనే గాని, తర్వాత మీరు చెప్పే ప్రతి సంఖ్యా దీని మీదే నిలబడుతుంది.

మెట్టు 3: వంశవృక్షం గీయడం, పేరు విషయంలో ఆగడం

టిర్ భాగాలను మాత్రమే కత్తిరించి మాఫ్ట్‌తో వరుసలు కలపండి, ఐక్యూ-ట్రీతో వృక్షం గీయండి. మొత్తం ప్రోటీన్‌తో గీస్తే ఎల్ఆర్ఆర్‌ల సంఖ్యలో తేడాల వల్ల వరుసలు కుదరవు. అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ (కొమ్మలు ఎంత నమ్మదగినవో చూసే పరీక్ష) 1,000 సార్లు నడిపి, 95 కన్నా తక్కువ మద్దతు ఉన్న కొమ్మల మీద వాదన కట్టకండి.

వృక్షంలో మనిషి టీఎల్ఆర్‌లు ఒక గుంపుగా, గుల్లజీవులవి వేరే గుంపులుగా పడతాయి. మన టీఎల్ఆర్-4కి మస్సెల్‌లో నేరుగా సరిపోలే అన్నదమ్ముడు ఉండడు. వెన్నెముక జీవులు, గుల్లజీవులు విడిపోయాక ఎవరి కుటుంబాన్ని వారు విడివిడిగా పెంచుకున్నారు. ఆటోమేటిక్ ప్రోగ్రాములు దగ్గరగా కనబడిన పేరు అంటించేసి పోతాయి. ‘టోల్-లైక్ రిసెప్టర్ 4-లైక్’ అని చూసి, ఇది లిపోపాలిశాకరైడ్‌ను (కొన్ని బ్యాక్టీరియా పైపొరలో ఉండే పదార్థాన్ని) పట్టుకుంటుందని రాయడం ఈ రంగంలో మామూలైపోయింది. మనిషిలోనైనా టీఎల్ఆర్-4 ఆ పని ఒంటరిగా చేయదు, దానికి ఎండీ-2 అనే తోడు కావాలి. ఈగలో టోల్ అసలు సూక్ష్మజీవిని ముట్టుకోనే ముట్టుకోదు. వేరే ప్రోటీన్లు శత్రువును గుర్తించి స్పాట్జిల్ అనే ప్రోటీన్‌ను కోస్తే, ఆ ముక్క వచ్చి టోల్‌కు తగులుతుంది. మీ మస్సెల్ రిసెప్టర్ ఈ రెండు దారుల్లో దేనిలో ఉందో వృక్షం చెప్పదు.

కాబట్టి ప్రస్తుతానికి పీవీ-టీఎల్ఆర్-అ, పీవీ-టీఎల్ఆర్-ఆ అని తాత్కాలిక పేర్లు పెట్టుకోండి. వాటిలో నిర్మాణం పూర్తిగా ఉన్న రెండు మూడింటిని ప్రయోగానికి ఎంచుకోండి.

మెట్టు 4: తొట్టి సిద్ధం చేయడం

మస్సెల్స్‌ను రాయి నుంచి పీకి లాగకండి. అవి అతుక్కునే బిస్సస్ దారాల మొదలు మెత్తటి పాదం దగ్గర, ఒంటి లోపల ఉంటుంది. లాగితే లోపల చిరుగుతుంది. దారాలను కత్తెరతో కోయాలి. చిప్ప మీద పట్టిన బార్నకిల్స్, నాచు గీకి శుభ్రం చేయాలి. 6 నుంచి 8 సెంటీమీటర్ల పొడవున్నవి, దాదాపు ఒకే సైజువి ఏరుకోండి.

ప్రయోగశాలలో వారం నుంచి పది రోజులు అలవాటు పడనివ్వాలి. వడగట్టిన సముద్రపు నీరు, నిరంతరం గాలి, ఉప్పదనం సేకరించిన చోటున్నంతే. రోజు విడిచి రోజు నీరు మార్చండి. ఐసోక్రైసిస్, కీటోసెరోస్ లాంటి సూక్ష్మ శైవలాలు తిండిగా వేయండి. వేలితో తాకినా చిప్ప మూసుకోనిది చచ్చినట్టే, వెంటనే తీసేయాలి. ఒక్క కళేబరం రాత్రంతా తొట్టిలో ఉంటే తెల్లారేసరికి మిగతావన్నీ బ్యాక్టీరియా నీటిలో మునిగి ఉంటాయి. మీరు సూది వేయకముందే ప్రయోగం మొదలైపోయినట్టు.

మెట్టు 5: హీమోలింఫ్ తీయడం

ఇది చేతికి అలవాటు కావలసిన పని. నాకు ముప్పై నలభై మస్సెల్స్ పట్టింది. నెమ్మదిగా చెబుతాను.

చిప్పను మూసి ఉంచే పెద్ద కండరం వెనక వైపు ఉంటుంది, దాని పేరు అడక్టర్. మొన తేలిన చివర ముందు వైపు, వెడల్పు చివర వెనక వైపు. వెడల్పు చివరన రెండు చిప్పల అంచు కలిసే చోట చిన్న ఆకురాయితో అర సెంటీమీటరు గాడి తీయండి. పొడి లోపల పడకుండా చిప్పను తలకిందులుగా పట్టుకుని అరగదీయండి. లోపల దాచుకున్న సముద్రపు నీరు ముందుగా కారిపోతుంది. దాన్ని పూర్తిగా పోనిచ్చి టిష్యూతో అద్దండి, లేదంటే అదే సిరంజిలోకి వస్తుంది. 23 గేజ్ సూది ఉన్న 1 మిల్లీలీటరు సిరంజిని గాడిలోంచి కండరం వైపు పోనివ్వండి. కండరం తగలగానే చేతికి రబ్బరులాంటి బిగువు తెలుస్తుంది. అక్కడ ఆగి, పిస్టన్‌ను చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి. గబుక్కున లాగితే కణాలు చితుకుతాయి. అర మిల్లీలీటరు వస్తే మంచి పంటే.

సిరంజిని వెలుగుకెదురుగా పట్టి చూడండి. మంచి హీమోలింఫ్ దాదాపు నీళ్లలా, కొంచెం మబ్బుగా ఉంటుంది. పాలలా తెల్లగా వస్తే సూది బీజకోశంలో గుచ్చుకుని వీర్యం వచ్చిందన్నమాట. అండాలు కలిస్తే నారింజ ఛాయ కనిపిస్తుంది. ఏది అయినా పారేయండి. ఒక చుక్క స్లయిడ్ మీద పెట్టి మైక్రోస్కోప్‌లో చూడటం తప్పనిసరి. నిమిషంలోపే హీమోసైట్లు గాజుకు అతుక్కుని సన్నటి పాదాల్లాంటివి చాచడం కనబడుతుంది. కొన్నిటి లోపల మెరిసే గింజలుంటాయి, అవి గ్రాన్యులోసైట్లు. గింజలు లేని నునుపైనవి హయలినోసైట్లు. మొదటిసారి అది చూసినప్పుడు నేను అన్నం తినడం మర్చిపోయాను. ఇప్పటికీ కొత్తగా చేరిన విద్యార్థులకు ముందు ఇదే చూపిస్తాను.

ఈ కణాలు మన రక్తంలా గడ్డకట్టవు గాని ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. ఆపడానికి సిరంజిలో ముందే సమాన పరిమాణంలో చల్లటి మార్చిన ఆల్సీవర్ ద్రావణం తీసుకోండి: గ్లూకోజ్ 115 మిల్లీమోలార్, సోడియం సిట్రేట్ 27, ఈడీటీఏ 11.5, సోడియం క్లోరైడ్ 382, పీహెచ్ 7.5. దీని బదులు మనుషుల కణాలకు వాడే పీబీఎస్ వాడకండి. అందులో ఉప్పు సముద్ర జీవి ఒంట్లో ఉన్నదానిలో మూడో వంతు కూడా ఉండదు. కణాలు నీరు పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయి. ట్యూబులన్నీ ఐస్ మీద పెట్టి, 4 డిగ్రీల దగ్గర 800 జీ వేగంతో పది నిమిషాలు తిప్పితే కణాలు అడుగున చేరతాయి.

మెట్టు 6: రిసెప్టర్‌ను కదిలించడం, సరైన కంట్రోళ్లతో

అడక్టర్ కండరంలోకి 50 నుంచి 100 మైక్రోలీటర్లు సూదితో ఇవ్వడం మామూలు పద్ధతి. బ్యాక్టీరియాకు బదులుగా లిపోపాలిశాకరైడ్, బూజుకు బదులుగా జైమోసాన్ లేదా బీటా-గ్లూకాన్, వైరస్‌కు బదులుగా పాలీ-ఐసీ, లేదా వేడిచేసి చంపిన విబ్రియో అనే బ్యాక్టీరియా. ఈ పాలీ-ఐసీ కథ తెలుసుకోవలసినది. 2008 వేసవిలో ఫ్రాన్స్‌లో ఆయిస్టర్ హెర్పిస్ వైరస్ కొత్త రూపం వచ్చి పిల్ల ఆయిస్టర్లు కుప్పలుగా చచ్చిపోయాయి. తర్వాతి పరిశోధనల్లో, ముందుగా పాలీ-ఐసీ ఇచ్చిన ఆయిస్టర్లు ఆ వైరస్‌ను తట్టుకున్నాయి. టీకాకి స్పందించే వ్యవస్థే లేదనుకున్న జీవిలో ముందస్తు కబురు పనిచేసింది. రిసెప్టర్ల మీద ఇంత శ్రమ ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగితే నేను చెప్పే జవాబు ఇదే.

కంట్రోళ్ల దగ్గరికి వద్దాం. నా మొదటి ప్రయోగంలో లిపోపాలిశాకరైడ్ ఇచ్చిన మస్సెల్స్‌లో ఆరో గంటకి జన్యువు (అంటే దాని ఆర్‌ఎన్‌ఏ) బాగా పెరిగింది. సంబరపడ్డాను. రెండు వారాల తర్వాత ఉత్త ఉప్పునీటి సూది ఇచ్చిన గుంపు నమూనాలు నడిపితే అక్కడా దాదాపు అంతే పెరిగింది. గాడి తీయడం, గుచ్చడం, నీటిలోంచి బయట ఉంచడం, ఇవన్నీ దానికి గాయమే. అసలు ముట్టుకోని గుంపును నేను పెట్టుకోలేదు కాబట్టి ఏది గాయం వల్ల, ఏది మందు వల్ల అని విడదీయలేకపోయాను. మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది. కాబట్టి కనీసం మూడు గుంపులు ఉండాలి: ముట్టుకోనివి, శుద్ధి చేసిన ఉప్పునీటి సూది ఇచ్చినవి, మందు ఇచ్చినవి. ప్రతి గుంపునూ కనీసం మూడు వేర్వేరు తొట్లలో పంచండి. ఒకే తొట్టి అయితే ఆ నీటి ప్రభావమే మీ ఫలితంగా కనబడవచ్చు.

సమయాలు 0, 3, 6, 12, 24, 48 గంటలు. ఒకే మస్సెల్ నుంచి పదే పదే హీమోలింఫ్ తీయకండి. ప్రతి సమయానికి వేరే జీవులు, గుంపుకి ఎనిమిదైనా ఉండాలి. వాటి నమూనాలను ఒక ట్యూబులో కలపాలనిపిస్తుంది, ఖర్చు కూడా తగ్గుతుంది. కలపకండి, కారణం ఎనిమిదో మెట్టులో చెబుతాను.

అమ్మకానికి దొరికే లిపోపాలిశాకరైడ్ చాలావరకు పూర్తిగా శుద్ధమైనది కాదు, లిపోప్రోటీన్లు కొంచెం కలిసి ఉంటాయి. మీ రిసెప్టర్ కదిలింది లిపోపాలిశాకరైడ్‌కా, ఆ కలుషితానికా? అత్యంత శుద్ధమైన రకం కొనలేకపోతే, వాడిన రకం పేరైనా పేపర్‌లో స్పష్టంగా రాయండి. బతికున్న విబ్రియో వాడితే ఆ నీరంతా క్లోరిన్‌తో చంపాకే పారబోయాలి. విబ్రియోల్లో కొన్ని మనుషులకూ రోగం తెస్తాయి. ప్రయోగంలో వాడిన జీవులను తిరిగి సముద్రంలో వేయకూడదు, ఎవరికీ తినడానికి ఇవ్వకూడదు.

మెట్టు 7: ఆర్‌ఎన్‌ఏ

ట్రైజాల్ పద్ధతి బాగానే పనిచేస్తుంది, కలిసిన డీఎన్‌ఏను తొలగించే డీనేజ్ వేయడం మర్చిపోవద్దు. శుద్ధతను చూపే 260/280 నిష్పత్తి 2 దగ్గర ఉండాలి. 260/230 పడిపోతే గ్లైకోజెన్ వంటి చక్కెరలు కలిశాయని అనుమానించండి. ఇంకోసారి ఇథనాల్‌తో కడగండి.

ఇక్కడ చాలామందికి టెన్షన్ పుట్టించే విషయం ఒకటుంది. మనిషి లేదా ఎలుక ఆర్‌ఎన్‌ఏను జెల్‌లో నడిపితే 28ఎస్, 18ఎస్ అని రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏల రెండు గీతలు వస్తాయి. మస్సెల్, ఆయిస్టర్లలో చాలాసార్లు ఒకే గీత వస్తుంది. ఆర్‌ఎన్‌ఏ పాడైపోయిందని నమూనాలు పారేసినవారిని చూశాను. అది పాడవడం కాదు. వీటి 28ఎస్‌లో సహజంగానే ఒక దాగిన తెంపు ఉంటుంది. వేడి చేయగానే అది రెండు ముక్కలై, ఆ ముక్కలు 18ఎస్ సైజుకే వచ్చి దానితో కలిసిపోతాయి. యంత్రం ఇచ్చే రిన్ (ఆర్‌ఎన్‌ఏ నాణ్యత) సంఖ్య ఇక్కడ నమ్మదగినది కాదు. గీత పదునుగా ఉండి, కింద మసక పాకకపోతే ముందుకు వెళ్లండి.

మెట్టు 8: పీసీఆర్, జన్యువు అసలు ఉందా అనే ప్రశ్న

ప్రైమర్లు గీసేముందు మీ జీవి టీఎల్ఆర్ ప్రతులన్నిటినీ వరుసగా కలిపి, మీ జన్యువుకి మాత్రమే ప్రత్యేకమైన చోటు వెతకండి. టిర్‌లో గీస్తే అన్నదమ్ములందరూ కలిసి పెరిగే ప్రమాదం ఉంది. మెల్ట్ కర్వ్‌లో ఒకే శిఖరం రావాలి, ఎఫిషియన్సీ 90 నుంచి 110 శాతం మధ్య ఉండాలి, వచ్చిన ముక్కను ఒక్కసారైనా సీక్వెన్స్ చేయించాలి.

రిఫరెన్స్ జన్యువు (పోల్చడానికి వాడే, మారకూడని జన్యువు) విషయంలో యాక్టిన్ ఒక్కదాన్నే నమ్మకండి. హీమోసైట్లు శత్రువును చూసి పాకుతాయి, పాదాలు చాస్తాయి. ఆ పనికి యాక్టిన్ కావాలి. ఒక ఉదాహరణ చూడండి. మీ జన్యువు సీటీ (పీసీఆర్‌లో అది కనబడిన సైకిల్ సంఖ్య; తక్కువైతే ఆర్‌ఎన్‌ఏ ఎక్కువని అర్థం) 27 నుంచి 24కి వచ్చింది, రిఫరెన్స్ 18 దగ్గరే ఉంది అనుకుందాం. తేడా 3 సైకిళ్లు, అంటే 8 రెట్లు. అదే సమయంలో రిఫరెన్స్ కూడా 18 నుంచి 16కి జారి ఉంటే నిజమైన తేడా 1 సైకిల్, అంటే 2 రెట్లే. ఈఎఫ్1-ఆల్ఫా, 18ఎస్, రైబోజోమ్ ప్రోటీన్ జన్యువుల్లో మూడింటిని మీ నమూనాలన్నిటి మీదా నడిపి, జీనార్మ్‌తో కదలనివి ఎంచుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. మధ్యధరా మస్సెల్ జన్యుపటం 2020లో వచ్చినప్పుడు ఒక వింత బయటపడింది. ఒక మస్సెల్‌లో ఉన్న జన్యువులు వేలకొద్దీ ఇంకో మస్సెల్‌లో లేవు. రూపం మారడం కాదు, అసలు లేకపోవడం. జాతి మొత్తంలో సుమారు 20 వేల జన్యువులు ఇలా కొందరిలో ఉండి కొందరిలో లేనివి. వాటిలో రోగాన్ని ఎదుర్కొనే జన్యువులు ఎక్కువ. అంటే మీ ఎనిమిది మస్సెల్స్‌లో మూడింటిలో సీటీ రాకపోతే, ‘ఆ జన్యువు ఆగిపోయింది’ అని రాసేముందు, అది వాటి డీఎన్‌ఏలో ఉందో లేదో చూడాలి. నమూనాలను కలిపేస్తే ఇది ఎప్పటికీ తెలియదు. ఐదు జీవుల స్పందన, మూడు జీవుల శూన్యం కలిసి ఒక అబద్ధపు సగటు అవుతుంది.

చేయాల్సింది చాలా సులువు. హీమోలింఫ్ తీసిన ప్రతి మస్సెల్ నుంచి పాదం ముక్క ఒకటి 95 శాతం ఇథనాల్‌లో, అదే నంబరుతో దాచండి. దాని నుంచి డీఎన్‌ఏ తీసి మామూలు పీసీఆర్‌లో మీ జన్యువును, దాని పక్కనే అందరిలో ఉండే ఒక జన్యువును నడపండి. రెండోది వచ్చి మొదటిది రాకపోతే, ప్రైమర్ కూర్చునే చోట అక్షరం మారిందేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి మరో జత ప్రైమర్లతో మళ్లీ చూడండి. రెండు జతలతోనూ రాకపోతే ఆ జీవిలో జన్యువు లేదనడానికి గట్టి ఆధారం దొరికినట్టే. ఈ పనికి ఖర్చు తక్కువ. ఇది చేయని పేపర్లు ఇంకా ఎన్నో వస్తున్నాయి, అది నన్ను నిజంగా బాధపెడుతుంది.

మెట్టు 9: పెరిగింది సరే, పట్టుకుంటోందా?

జన్యువు పెరిగిందంటే అది రిసెప్టర్‌గా పనిచేసిందని కాదు, కబురు అందిన తర్వాత పెరిగి ఉండొచ్చు. పని రుజువు చేయడానికి దారులు ఉన్నాయి, ఏదీ సులువు కాదు. సముద్రపు గుల్లజీవుల నుంచి అందరూ వాడుకునే శాశ్వత కణాల లైన్ ఇంతవరకూ లేదు. అందుకని మీ జన్యువును మనిషి హెచ్ఈకే293 కణాల్లో పెట్టి, ఎన్ఎఫ్-కప్పా-బీ (రోగనిరోధక జన్యువులను మేల్కొలిపే ప్రోటీన్) మెలకువ అయితే వెలుగునిచ్చే లూసిఫరేజ్‌తో చూస్తారు. వెలుగు వస్తే టిర్ భాగం కబురు పంపగలదని తేలినట్టు. వెలుగు రాకపోతే ఏమీ తేలనట్టే, తోడు ప్రోటీన్లు అక్కడ లేకపోవచ్చు. రెండో దారి రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ సూదితో ఇచ్చి జన్యువును అణచడం. వైరస్ గుర్తులా కనబడే ఆ ఆర్‌ఎన్‌ఏ తానే రోగనిరోధక స్పందన లేపుతుంది కాబట్టి, జీఎఫ్‌పీ లాంటి సంబంధం లేని జన్యువు ఆర్‌ఎన్‌ఏ ఇచ్చిన గుంపు తప్పకుండా ఉండాలి. లెక్టిన్ల మీద పనిచేసేవారికి కొంచెం వెసులుబాటు. ప్రోటీన్‌ను బ్యాక్టీరియాలో తయారుచేసి, ఏ చక్కెరకు అతుక్కుంటుందో నేరుగా చూడవచ్చు.

పని చూడకుండా పేరు చూసి ముగింపుకు రావడం ఎంత ప్రమాదమో అమెరికా తూర్పు తీరపు ఆయిస్టర్‌లోని సీవీగాల్1 చెబుతుంది. అది హీమోసైట్ల మీద ఉండే గెలెక్టిన్, చక్కెరలను గుర్తించే భాగాలు నాలుగు ఉన్నాయి. పేరు చూస్తే రక్షక రిసెప్టర్. కానీ పెర్కిన్సస్ మెరైనస్ అనే పరాన్నజీవి ఆ గెలెక్టిన్‌నే పట్టుకుని హీమోసైట్ లోపలికి దూరి, అక్కడే పెరుగుతుందని 2007లో తేలింది. ఆయిస్టర్ తన కాపలావాడి చేతులతోనే దొంగకు తలుపు తీస్తోంది. అది ‘పెరిగింది కాబట్టి రక్షిస్తోంది’ అని రాసి ఉంటే నిజానికి పూర్తిగా వ్యతిరేకం రాసినట్టయ్యేది.

మెట్టు 10: దాచడం, పంపడం

ప్రతి జీవి సీటీ విలువలు విడివిడిగా పట్టికలో ఇవ్వండి, సగటులు మాత్రమే ఇవ్వకండి. సేకరించిన చోటు, తేదీ, నీటి ఉప్పదనం, వేడి, చిప్ప పొడవు, ఆ జీవిలో జన్యువు ఉందా లేదా, ఇవన్నీ అదే పట్టికలో ఉండాలి. ఖాళీ చిప్పలను నంబరు వేసి దాచుకోండి. జాతి మీద అనుమానం వస్తే అవే సాక్ష్యం.

సీక్వెన్స్‌ను జెన్‌బ్యాంక్ డేటాబేస్‌కు పంపేటప్పుడు ఫారంలో ప్రోటీన్ పేరు అడిగే గడి ఒకటుంటుంది. అక్కడ ‘టోల్-లైక్ రిసెప్టర్’ అని రాసి, పక్కన మీ తాత్కాలిక గుర్తు ఉంచండి. మనిషి సంఖ్య ఏదీ అతికించకండి. మీరు అక్కడ ‘4’ అని రాస్తే, వచ్చే ఏడాది ఇంకో విద్యార్థి బ్లాస్ట్ నడిపినప్పుడు స్క్రీన్ మీద మొదటి వరుసలో ఆ ‘4’ కనబడుతుంది.